బురదలో దిగబడని బండి

మొన్న నేను ఒకప్పుడు పనిచేసిన బండి నూనెల కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. నా తర్వాత ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చేసింది.

"అక్కా, కొండ మీదికి తిరిగే పికప్పుకి హౌసింగ్ ఆయిల్ ఏది ఇవ్వాలి? యజమాని ఊళ్ళో లేరు. మనిషి ఎదురుగా నిలబడున్నాడు" అంది గుసగుసగా.

"ముందు కూర్చోమను. తర్వాత బండి గురించి అడుగు."

"ఏమని అడగాలి?"

ఫోన్లో చెప్పగలిగేంత చిన్న జవాబు నా దగ్గర లేదు. ఆ పూటకి బండి మోడల్ కనుక్కుని ఏదో ఒకటి చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కౌంటర్లలోకి కొత్తగా వచ్చే పిల్లలకి పనికిరావచ్చు. ఆనాటి నా డైరీ తీసి చూశాను కానీ అందులో మంచు ఎంత పట్టింది, ఏ నవల ఎన్నో పేజీ దాకా వచ్చింది అన్నవి తప్ప ఏమీ లేవు. కాబట్టి గుర్తున్నంతే రాస్తున్నాను.

ముందు హౌసింగ్ అంటే ఏమిటో చెప్పాలి. పికప్పు వెనక చక్రాల మధ్య ఇరుసు మీద బోర్లించిన గిన్నెలా ఒక ఇనప గుల్ల కనిపిస్తుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్లు అందులో ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలి చక్రం తక్కువ. ఆ తేడాని సర్దేది కాబట్టి దాన్ని డిఫరెన్షియల్ అంటారు. మా దగ్గర బండ్లు బాగుచేసే మేస్త్రులకి అంత పేరుతో పనిలేదు, హౌసింగ్ అంటే చాలు. ఆ గేర్లు నూనెలో మునిగి తిరుగుతాయి. మా కొట్లో అమ్మేది ఆ నూనె.

కొట్టు అరకులో స్టేషనుకి పోయే దారిలో ఉంది. వెనక గదిలో రెండు బారెళ్ళు ఉండేవి. ఒకదాంట్లో తొంభై నంబరు నూనె, రెండోదాంట్లో నూట నలభై. తొంభై పలచన, నూట నలభై చిక్కన. మనుషులు ఖాళీ నీళ్ళ సీసాలు తెచ్చేవారు, నేను చేతిపంపుతో కొట్టి ఇచ్చేదాన్ని. ఏ బండికి ఏది అనే ప్రశ్న మా కొట్లో లేదు. ఘాట్ ఎక్కే బండికి నూట నలభై, కింద తిరిగే బండికి తొంభై. యజమాని విజయనగరం వైపు మనిషి, మంచివాడు. "కొండంటే బరువు. బరువంటే సిక్కటి నూనె. మా నాన్న కాలం నుంచీ ఇదే" అనేవాడు. చాలా బండ్లకి అది తప్పేమీ కాదు కూడా.

నాకు ఎదుటి మనిషి మొహంలోకి చూసి మాట్లాడటం రాదు. అవతలివాళ్ళు చిల్లర వెతుక్కుంటున్నంతసేపూ చేతికి అందిన డబ్బా తిప్పి, వెనక రాసిన చిన్న అక్షరాలు చదువుతూ ఉండేదాన్ని. కొట్లో నవలలు చదవొద్దని యజమాని చెప్పాడు. డబ్బాలు చదవొద్దని చెప్పలేదు. అలా గ్రీజు, బ్రేకు నూనె, గేరు నూనె అన్నీ చదివేశాను. పై అరలో కంపెనీ మనిషి నమూనాకి ఇచ్చి వెళ్ళిన గేరు నూనె డబ్బా ఒకటి దుమ్ము పట్టి ఉండేది. దాని పేరు చివర ఎల్.ఎస్. అని రెండు అక్షరాలు. దాన్ని ఎవరూ అడగలేదు, మేమూ అమ్మలేదు. అదీ చదివాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక కొండ ఊరి డ్రైవరు ఉండేవాడు. తారు రోడ్డు అయిపోయాక ఇంకా పైకి వెళ్ళాలి వాళ్ళ ఊరికి. అక్కడ కాఫీ తోటలున్న ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని, పాత పికప్పు ఒకటి కొనుక్కున్నారు. ఆ ఊళ్ళో నాలుగు చక్రాల బండికి లైసెన్సు తెచ్చుకున్న మొదటివాడు ఇతనే. అందుకే తాళాలు ఇతనికిచ్చారు. నాకంటే పెద్దవాడో చిన్నవాడో తెలీదు కానీ నన్ను అక్కా అనేవాడు. వచ్చిన ప్రతిసారీ బండి గురించి ఒక గొప్ప చెప్పందే వెళ్ళేవాడు కాదు.

వానాకాలంలో ఒకరోజు మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు.

"మా బండి దిగబడదక్కా" అన్నాడు. "వాగుకాడ రెండు జీపులు, ఒక ఆటో కూరుకుపోనాయి. మాది ఒక సక్రం గుంటలో పడి ఒట్టినే గిరగిరా తిరిగీసింది. అయితే ఏటి? రెండోది లాగీసింది! మా ఊరమ్మ ఎక్కి కూకుంటాదక్కా బండిలో."

బండి కొన్న రోజున ఊరి దేవత దగ్గర కోడిని కోసి, బానెట్టుకి పసుపు రాశారట. అప్పట్నుంచీ అది బురదలో దిగబడలేదట. ఆ మాట నాకు నచ్చింది. ఊరమ్మ ముందు సీట్లో కూర్చుని గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ ఊరి నుంచి సంతకి రావడం ఊహించుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

వానలు తగ్గాక, కాఫీ కోతకి ముందు, కొండ బండ్లన్నీ నూనెలు మార్పించుకోవడం మా దగ్గర ఆనవాయితీ. మా కొట్టు పక్కనే మేస్త్రి షెడ్డు. ఆయనా కింద మైదానం నుంచి వచ్చినవాడే. బండి స్టార్టు చేసిన చప్పుడు వింటే జబ్బు చెప్పగల మనిషి, మాట మాత్రం ముల్లు. ఈ పికప్పూ వచ్చింది. అన్ని కొండ బండ్లకీ పోసినట్టే దీనికీ హౌసింగులో నూట నలభై పోశాడు.

కోత మొదలైన కొన్నాళ్ళకి డ్రైవరు కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి గొప్పలేమీ లేవు.

"మలుపు తిరిగితే సాలు, ఎనకాల కటకటకటా కొట్టుకుంటందక్కా. బండంతా ఒణికిపోతంది. ఎనక కూకున్నోళ్ళు దిగిపోతామంతన్నారు."

షెడ్డు నుంచి మేస్త్రి అరిచాడు. "క్రౌను పోయిందిరా! ఓవర్ లోడేసీసి, మలుపులో ఎడాపెడా తిప్పీస్తే ఉంటాదేటి? హౌసింగ్ ఇప్పాల. ఇప్పి ఇసాపట్నం అంపాల."

"నానేటీ ఎడాపెడా తిప్పలేదు మేస్త్రీ."

"మరి నేను తిప్పినానేటి?"

క్రౌను అంటే ఆ గుల్లలో ఉండే పెద్ద గేరు. అది పోతే హౌసింగంతా విప్పి కిందికి పంపాలి. సామాను దొరికి, పని అయి, తిరిగి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

మర్నాడు సంఘం పెద్దామె దిగి వచ్చింది. మా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, నిప్పు నోట్లో ఉండేలా చుట్ట అడ్డపొగ పెట్టుకుని, కాసేపు బండినే చూసింది. తర్వాత చుట్ట తీసి మాట్లాడింది.

"పండు ఎర్రగా ఉంది సెట్టు మీద. కోసిన పొద్దుకే తొక్క తీసీ మిసినికాడికి రావాల. రాకపోతే పులిసిపోద్ది, కంపు. అప్పుడెవుడూ కొనడు. ఇప్పుడు బండి ఇప్పీమంటే మేం పండు ఎత్తి మీద ఎట్టుకోవాలేటి?"

"ఇప్పకపోతే దారిలో ఇరుగుద్ది. అప్పుడు మనుషులు కూడా దొర్లుతారు" అన్నాడు మేస్త్రి.

ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "సంగంలో ఒకటే మాట అంతన్నారురా. గుంటడికి బండిచ్చి పాడుసేసుకున్నాం, కిందనుంచి డ్రైవర్ని ఎట్టుకుందాం అని. శుక్రారం సంతకి అందరూ దిగుతారు. ఆ రోజు తేలుద్దాం. బండి ఇప్పడమంటూ అయితే తాళాలు ఇచ్చీయాల నువ్వు."

అతను తాళాల గుత్తిని చొక్కా కొసతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. చప్పుడు మలుపుల్లోనే అంటున్నాడు. అదీ నెమ్మదిగా తిరిగే ఇరుకు మలుపుల్లో. తిన్నగా ఉన్న ఎక్కుడులో నిండు బరువుతో ఎక్కినా చప్పుడు లేదంటున్నాడు. గేరు పళ్ళు పోతే తిన్నటి రోడ్డు మీదా ఏడవాలి కదా? అప్పుడు పై అర మీది డబ్బా గుర్తొచ్చింది. కొన్ని డిఫరెన్షియళ్ళలో గేర్లతో పాటు పలకల కట్టలు ఉంటాయి, ఒక చక్రం పట్టు తప్పి ఊరికే తిరిగితే ఆ పలకలు బిగిసి రెండో చక్రానికి బలం అందిస్తాయి, వాటికి వేరే మందు కలిపిన ఈ నూనె వాడాలి, మామూలు నూనె పోస్తే నెమ్మది మలుపుల్లో పలకలు పట్టుకుని వదులుతూ వణుకు వస్తుంది. ఇదే దాని వెనక రాసి ఉంది.

ఒక చక్రం ఒట్టినే తిరిగింది. రెండోది లాగేసింది.

రోడ్డు మీద ఆగిపోయాను. వెనక వస్తున్న సైకిలతను తిట్టి తప్పుకున్నాడు.

పొద్దున్నే యజమానికి చెప్పాను. చెప్పడమంటే, ఆయన అగరొత్తి వెలిగిస్తుంటే వెనక నుంచి గోడకి చెప్పినట్టు చెప్పాను. ఆయన తిరిగి చూశాడు.

"ఏటమ్మా, మన బారెల్ నూనెకే పేరెడతన్నావా?"

"నూనె మంచిదేనండీ. ఆ బండికి కాదేమో అని."

"అలాటి హౌసింగు ఈ పాత పికప్పుకేటి ఉంటాది? ఈ మాట మేస్త్రి సెవిని పడనీకు. మనకొచ్చే బేరం సగం ఆయన సేతిమీదే వస్తాది. డబ్బా మీద రాసిందల్లా పట్టుకుని మాటాడితే ఎలగ?"

నేను వెళ్ళి పంపు తుడిచాను. ఆయన అన్నదాంట్లోనూ అర్థముంది. నేను ఒక్కసారి కూడా బండి కిందికి దూరినదాన్ని కాదు.

శుక్రవారం వచ్చింది. సంత రోజు మా వీధిలో మాట వినపడదు. అల్లం బస్తాలు, చీపుళ్ళు, కోళ్ళు, ప్లాస్టిక్ బిందెలు, మైకులో పాత బట్టలవాడు. సంఘం ఆడవాళ్ళు షెడ్డు ముందు గుమిగూడారు. పికప్పు వెనక ఒక పక్క జాకీ మీదికి ఎక్కింది. మేస్త్రి పానాలు పరుచుకుంటున్నాడు. పెద్దామె డ్రైవరు ముందు చెయ్యి చాచింది. అతను జేబులోంచి గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందులో తాళంతో పాటు చిన్న ఇత్తడి గంట ఒకటి ఉండేది. అది మోగింది. అంత గోలలోనూ నాకు వినిపించింది.

కౌంటరు చెక్క ఎత్తి బయటికి వచ్చాను. చేతిలో ఆ డబ్బా ఉంది, ఎప్పుడు దించానో గుర్తులేదు. మేస్త్రితో మాట్లాడే ధైర్యం లేదు కాబట్టి డ్రైవరునే అడిగాను.

"ఆ రోజు వాగు దగ్గర ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండోది లాగిందన్నావు. నిజంగా లాగిందా, మాటవరసకి అన్నావా?"

అతనికి కోపం వచ్చింది. "మాటవరసకేటి! ఊరమ్మ మీద ఒట్టు."

"ఊరంతా సూసినాం" అంది పెద్దామె. "మా బండి దిగబడదు. అమ్మ లాగుద్ది."

మేస్త్రి నవ్వాడు. "అమ్మ లాగుతాదట! అలగైతే ఇంజనెందుకు, తీసీండి..." అని, నవ్వుతున్నవాడల్లా ఆగాడు. పానా కింద పెట్టాడు. "ఒరే, ఏ సక్రం తిరిగినాది?"

"ఎడమది."

"కుడిది గట్టి నేల మీద ఉందా?"

"రాయి మీద ఉంది."

"రాయి మీద ఉన్నది లాగినాదా? మామూలు హౌసింగైతే లాగదురా ఎదవా. గుంటలో ఉన్నదే తిరిగి తిరిగి సస్తాది, రాయి మీదది కదలదు." ఆయన నా వైపు చూశాడు, నా చేతిలో డబ్బా వైపు చూశాడు. జాకీ దగ్గరికి నడిచాడు. "ముందు సక్రాలకి రాళ్ళెట్టండి. ఎనక రెండూ లేపుతాను. గేరు న్యూట్రల్లో ఎట్టి, హేండ్ బ్రేకు తియ్యి."

రెండు వెనక చక్రాలూ గాల్లోకి లేచాయి. మేస్త్రి ఎడమ చక్రం దగ్గర కూర్చుని అందరికీ వినపడేలా చెప్పాడు. "నేనిటు తిప్పుతాను. కుడిది ఎదురు తిరిగితే మామూలు హౌసింగు, ఇప్పుతాను. నాతోపాటే తిరిగితే లోపల పలకలున్నట్టు."

"తిరుగుద్ది" అని ఒకామె, "తిరగదు" అని ఇంకొకామె పందెం వేసుకున్నారు. కోళ్ళ బుట్టతో వెళ్ళేవాడు కూడా ఆగి చూశాడు.

ఆయన తిప్పాడు. డ్రైవరు కుడి చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని మొహం చూస్తే తెలిసిపోయింది.

"ఇటే!" అని అరిచాడు. "ఇటే తిరుగుతంది మేస్త్రీ!"

పెద్దామె వంగి చూసింది. "రెండూ ఒక్క పక్కకే నడుస్తన్నాయి, కాడికి కట్టిన ఎద్దుల్లాగ" అంది.

మేస్త్రి లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇదివరకు ఈ బండి ఎవడో అడివిలో పనులకి తిప్పినోడిదై ఉంటాది. కోరి ఏయించుకున్నాడు. పైకి అన్నిట్లాగే ఉంటాది, నాకెలా తెలుద్ది?" తర్వాత నా మీద పడ్డాడు. "నూనె అమ్మేదానివి నువ్వు. పోసేవోడికి సెప్పాలి కదే గుంటా! డబ్బా సంకలో ఎట్టుకుని కూకున్నావు!"

ఆయన అలా తిట్టడమే ఒప్పుకోవడమని నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం డబ్బా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చెయ్యంత దూరం పెట్టుకుని చదివాడు.

"ఇదొక్కటే ఉందేటి? సాలదు."

ఇంతసేపూ కొట్టు గుమ్మంలో నిలబడ్డ మా యజమాని అప్పుడు ముందుకొచ్చాడు. "మా కొట్లో దొరకందేటి లేదు. రేపు రైలుబండికి వస్తాది" అని, విశాఖకి ఫోన్ చేశాడు.

పెద్దామె తాళాలు తిరిగి ఇవ్వలేదు. "రేపు సూద్దాం. నయమవకపోతే ఇప్పీడమే" అని గుత్తి కొంగున కట్టుకుంది. ఆ రాత్రికి ఆమె, ఇంకో ఇద్దరు ముగ్గురు చుట్టాలింట్లో ఉండిపోయారు.

మర్నాడు విశాఖ రైల్లో గోనె సంచిలో డబ్బాలు వచ్చాయి. మేస్త్రి కింది బోల్టు విప్పాడు. ఆ చలికి పాత నూనె బెల్లం పాకంలా దిగింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య రాసి చూశాడు, అయస్కాంతం పెట్టి చూశాడు. బూడిదలాంటి పొడి అంటుకుంది, ఇనప పలుకులు లేవు. "క్రౌను బతికే ఉంది" అన్నాడు, నా వైపు కాదు, నూనె తట్ట వైపు చూస్తూ. కొత్త నూనె పోసి, పై కన్నంలోంచి కారేదాకా నింపి, బోల్టు బిగించాడు.

"అయిపోనాదా?" అంది పెద్దామె.

"ఎక్కడయ్యింది? నూనె పలకల సందుల్లోకి పోవాల. సంత మైదానానికి తోలుకెళ్ళి ఎనిమిదులెయ్యాల. నెమ్మదిగా. లైసెన్సుకి ఏసినావు కదరా, అలాగే."

"అది మోటారు సైకిలు మీద మేస్త్రీ."

"ఇదీ బండే. ఏయ్."

తాళం పెద్దామె కొంగులోంచి తీసి ఇచ్చింది. ముడి విప్పడానికి కొంచెంసేపు పట్టింది. సంత అయిపోయిన మైదానంలో క్యాబేజీ ఆకులు, గడ్డి, విరిగిన బుట్టలు పడి ఉన్నాయి. బరువుంటేనే నిజం తెలుస్తుందని ఆడవాళ్ళంతా వెనక ఎక్కారు. యజమాని కొట్టు మూసి మరీ వచ్చాడు.

మొదటి మలుపులో కటకటకటా మోగింది. అందరూ నన్ను చూశారు. యజమాని ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని దూరంగా జరిగాడు. ఫోన్ రాలేదని నాకు తెలుసు.

"ఆపకు! తిప్పు!" అన్నాడు మేస్త్రి.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మోగింది. "కడుపులో అంబలి పైకొచ్చీస్తంది" అని వెనక నుంచి ఎవరో అన్నారు, మిగతావాళ్ళు నవ్వారు. పెద్దామె మాత్రం నవ్వలేదు. బండి పక్క చెక్క పట్టుకుని తల వంచి వింటోంది. నేను నేల మీది క్యాబేజీ ఆకుల్ని చూస్తూ చెవులతో లెక్కపెట్టుకుంటున్నాను. కుడి మలుపు, ఎడమ మలుపు. కుడి వైపు చప్పుడు పలచబడింది. తర్వాత కుడి వైపు లేదు, ఎడమ వైపే. మేస్త్రి జేబులోంచి బీడీ తీశాడు కానీ వెలిగించలేదు. బండి ఇంకోసారి ఎడమకి తిరిగింది. ఆకులు నలిగిన చప్పుడు వినిపించింది. అంతే వినిపించింది.

ఇంకా కాసేపు తిప్పించాడు మేస్త్రి. ఆపమని పెద్దామే చెక్క మీద కొట్టింది. దిగి, డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళింది.

"దిగు" అంది.

అతను తాళం తీసి, దిగి, ఆమెకి ఇవ్వబోయాడు.

"నాకెందుకురా? ఖాళీ గోనెలు కొట్టు ముందున్నాయి, బేగి ఎక్కించు. రేపు తెల్లారి కోత."

ఆ సీజనంతా ఆ బండి తిరిగింది. పూర్తిగా కొత్తదైపోయిందని చెప్పను. బాగా మంచు పట్టిన పొద్దున మొదటి ఎడమ మలుపులో ఒక్క వణుకు వణికేదట. మేస్త్రి ఈ కథని చాలామందికి చెప్పాడు. ఆయన కథలో చక్రం తిప్పి కనిపెట్టింది ఆయన, నేను డబ్బా అందించిన గుంటపిల్లని. అదీ అబద్ధం కాదు. యజమాని బారెళ్ళు తీసెయ్యలేదు, తీసెయ్యాల్సిన అవసరమూ లేదు. కానీ పై అరలో ఆ డబ్బాలు నాలుగు ఎప్పుడూ ఉండేవి. "కొండ బండి" అనగానే పంపు మీదికి వెళ్ళే నా చెయ్యి ఒక్క క్షణం ఆగడం నేర్చుకుంది.

కాబట్టి అమ్మాయీ, నువ్వు అడిగినదానికి జవాబు. బండి కంపెనీ పుస్తకం ఉంటే చూడు. లేకపోతే, పాత బండైతే, అది ఇదివరకు ఎవరిదో, ఏం పనికి తిరిగిందో అడుగు. జబ్బేమిటని అందరూ అడుగుతారు. నీ బండి గొప్పేమిటని కూడా అడుగు. డ్రైవర్లు అది దాచుకోరు. నీలాగే నాకూ మనుషుల్ని అడగడం కష్టం. డబ్బా చూస్తూ అడిగినా ఫరవాలేదు, జవాబు చెప్తారు.

ఇంకొక్కటి. ఎండాకాలం మొదట్లో వాళ్ళ ఊరి దేవత పండగకి నన్ను పిలిచారు. ఆ పికప్పులోనే వెళ్ళాను. గుడి అంటూ లేదు. చెట్ల మధ్య రాళ్ళు, వాటికి పసుపు. కోత బాగా సాగినందుకు బండికీ పూజ చేశారు. ఎవరో పసుపు గిన్నె పట్టుకుని బానెట్టు వైపు వెళ్తుంటే పెద్దామె ఆపేసింది.

"అక్కడ కాదు. అమ్మ కూకున్నది ఎనకాల. మేస్త్రి సెప్పలేదేటి, పలకలున్నాయని?" అని, నా వైపు తిరిగి, "ఏమ్మా, అక్కడే కదా?" అంది.

అవునన్నాను. డ్రైవరు కొత్త చొక్కాతో బండి కిందికి దూరాడు. హౌసింగు మట్టి తుడిచి, పసుపు రాసి, నిండా కుంకుమ పెట్టి బయటికి వచ్చాడు.

ఏటా వానలు తగ్గాక ఆ బండి మన షెడ్డుకి వస్తుంది. ఎవరైనా కొత్త మేస్త్రి కింద దూరి హౌసింగ్ తుప్పు పట్టిందని అంటే, తుడవొద్దని చెప్పు. పై అర మీది డబ్బా దించి ఇవ్వు.